గాయపడిన ముఖం: జార్జ్ రువో చిత్రాలలోను, అచ్చుచిత్రాలలోను మానవుడు, క్రీస్తు – ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

సంఘచరిత్రను మనం సాధారణంగా సభలు, విశ్వాస ప్రమాణాలు, ప్రసంగీకులు, మిషనరీల ద్వారా చదువుతాం. చిత్రకారులను ఆ చరిత్రలో చేర్చడం అరుదు. చేర్చినా రఫాయేలు, మైఖేలాంజెలో, రెంబ్రాంట్ వరకు వచ్చి ఆగిపోతాం. ఇరవయ్యో శతాబ్దంలో క్రైస్తవ చిత్రకళ క్షీణించిందనీ, ఆధునిక చిత్రకారులకు విశ్వాసంతో పని లేదనీ ఒక అభిప్రాయం మనలో స్థిరపడింది. ఆ అభిప్రాయాన్ని పునఃపరిశీలించుకునేలా చేసే చిత్రకారుడు ఫ్రాన్సు దేశానికి చెందిన జార్జ్ రువో (1871–1958).

ఎక్స్‌ప్రెషనిజం, అనగా అభివ్యక్తివాదం, ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలలో యూరప్‌లో తలెత్తిన కళారీతి. కంటికి కనిపించిన దానిని ఉన్నదున్నట్టు దించడం దాని ఉద్దేశం కాదు. లోపల కలిగిన వేదన, భయం, కనికరం బయటపడేలా రూపాన్ని వంచడానికీ, రంగును ముదురు చేయడానికీ ఈ చిత్రకారులు వెనుకాడలేదు. జర్మనీలో 1905లో డ్రెస్డెన్ నగరంలో ఏర్పడిన ‘బ్రూకె’ బృందం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆ బృందానికి చెందిన ష్మిట్-రాట్‌లుఫ్ మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన 1918లో చెక్క అచ్చుతో క్రీస్తు ముఖాన్ని ముద్రించి, ఆ సంవత్సరపు అంకెలను ఆ నుదుటి మీదనే చెక్కాడు. రువో ఈ బృందాలలో దేనిలోను సభ్యుడు కాడు. అయినా ముఖాన్ని ఆత్మకు అద్దంగా చూపిన విధానం వలన కళాచరిత్రకారులు ఆయనను అభివ్యక్తివాదుల సరసన నిలుపుతారు.

ఈ వ్యాసంలో మూడు విషయాలు పరిశీలిద్దాం. మొదటిది, రువో వేసిన ముఖచిత్రాలు ఎలా పుట్టాయి? రెండవది, ‘మిజెరేరే’ అనే 58 అచ్చుచిత్రాల సంపుటి ఎలా తయారైంది, అందులోని దైవశాస్త్రం ఏమిటి? మూడవది, తన కాలపు సంఘం ఆయనను ఎలా స్వీకరించింది, దాని నుండి మనం నేర్చుకోవలసినది ఏమిటి?

2. జననం, శిక్షణ

రువో 1871 మే 27న పారిస్ నగరంలో కార్మికులు నివసించే బెల్‌విల్ ప్రాంతంలో జన్మించాడు. అది పారిస్ కమ్యూన్ తిరుగుబాటును ప్రభుత్వ సైన్యం అణచివేస్తున్న వారం. నగరం మీద ఫిరంగి గుండ్లు పడుతుండగా తల్లి ఒక ఇంటి నేలమాళిగలో ప్రసవించింది. తండ్రి వడ్రంగి పనివాడు. తల్లి తరపు తాత చిన్న ఉద్యోగి అయినా చిత్రాల మీద ప్రీతిగలవాడు. దోమియే మొదలైన చిత్రకారుల అచ్చుచిత్రాలను సేకరించి మనుమడికి చూపించేవాడు. పేదల ఇంటికి కూడా గొప్ప కళ చేరగలదంటే అది అచ్చు వలననే అన్న సంగతి ఆ బాలుడు ఆ విధంగా గ్రహించాడు.

పద్నాలుగవ ఏట ఆయన రంగుటద్దాల కిటికీలు తయారుచేసే పనివారి వద్ద శిష్యరికంలో చేరాడు. పాత దేవాలయాల కిటికీలను బాగుచేయడం కూడా ఆ పనిలో భాగం. మెదక్ కెతెడ్రల్‌లోని రంగుటద్దాల కిటికీలను చూసిన మన పాఠకులకు ఆ పని స్వభావం సులభంగా అర్థమవుతుంది. గాజు ముక్కలను కలిపి పట్టి ఉంచేవి సీసపు పట్టీలు. వెలుతురు గాజు గుండా లోనికి వచ్చినప్పుడు ఆ పట్టీలు నల్లని గీతలుగా కనిపిస్తాయి. తరువాతి కాలంలో రువో వేసిన ప్రతి ముఖం చుట్టూ కనిపించే మందమైన నల్లని గీతకు మూలం ఇదేనని విమర్శకులు చెబుతారు. నలుపు రంగును అడ్డగించదు, దానిని పట్టి నిలబెడుతుంది. ఆయన కళను అర్థం చేసుకోవడానికి ఇది మొదటి తాళపు చెవి.

1890లో ఆయన పారిస్‌లోని ప్రభుత్వ లలితకళల పాఠశాలలో చేరాడు. అక్కడ గుస్తావ్ మోరో ఆయనకు గురువయ్యాడు. హెన్రీ మాతిస్ కూడా ఆ గురువు శిష్యుడే. 1898లో మోరో మరణించినప్పుడు రువో తీవ్రమైన మానసిక క్షోభకు లోనయ్యాడు. గురువు గృహం ప్రదర్శనశాలగా మారినప్పుడు 1903లో దానికి పర్యవేక్షకుడిగా నియమించబడ్డాడు. అది స్వల్ప జీతం గల ఉద్యోగం. అంతకుముందు 1901లో లిగుజే అనే చోట ఉన్న మఠంలో రచయిత హ్విస్మాన్స్ చుట్టూ చేరిన చిన్న సమాజంతో కొంతకాలం గడిపాడు. మఠవాసుల సమాజాలకు వ్యతిరేకంగా ఫ్రెంచి ప్రభుత్వం చేసిన చట్టం వలన ఆ సమాజం చెదిరిపోయింది. ప్రభుత్వానికీ సంఘానికీ మధ్య తెగతెంపులు జరుగుతున్న ఆ కాలంలోనే ఈ యువకుని విశ్వాసం దృఢపడింది.

3. వేషం వెనుక ఉన్న మనిషి

అంతవరకు బైబిలు సంఘటనలను గురువు పద్ధతిలో నునుపుగా చిత్రించిన రువో, 1903 తరువాత పూర్తిగా మారిపోయాడు. వీధి సర్కస్ విదూషకులు, వేశ్యలు, న్యాయమూర్తులు ఆయన కాగితాల మీదికి వచ్చారు. ఈ మార్పుకు కారణమైన ఒక సంఘటనను ఆయన తన మిత్రుడు ఎదువార్ ష్యూరేకు రాసిన ఉత్తరంలో వివరించాడు. దారి పక్కన దేశదిమ్మరుల బండి ఒకటి ఆగి ఉంది. దాని మూలన ఒక ముసలి విదూషకుడు కూర్చుని మెరుపుల అంగీని కుట్టుకుంటున్నాడు. నవ్వించడం కోసం చేసిన ఆ తళుకు దుస్తులకూ, వాటిని తొడుక్కునే మనిషి బ్రతుకులోని అంతులేని దుఃఖానికీ మధ్య ఉన్న అంతరం రువోను కదిలించింది. ఆ విదూషకుడు తానేననీ, మనలో దాదాపు అందరమూ అలాంటివారమేననీ ఆయనకు తోచింది. మనమందరం ఏదో ఒక మెరుపుల అంగీ వేసుకుని తిరుగుతున్నాం. అది తొలగిపోయినప్పుడు కనిపించే మనిషిని చిత్రించడమే ఆయన జీవితకాలపు పని అయ్యింది.

ఇక్కడ తెలుగు బైబిలు మనకు ఒక మంచి మాటను అందిస్తుంది. మత్తయి సువార్త 23వ అధ్యాయంలో ప్రభువు శాస్త్రులను, పరిసయ్యులను సంబోధించిన గ్రీకు పదం ‘హుపొక్రితేస్’. ఆ భాషలో దాని మూలార్థం రంగస్థల నటుడు. తెలుగు అనువాదకులు దానికి ‘వేషధారి’ అన్న మాట వాడారు. వీధి భాగవతాలు, పగటి వేషాలు ఎరిగిన మన జాతికి ఆ మాటలోని రెండు అర్థాలూ తెలుసు: వేషం కట్టి పొట్ట పోసుకునేవాడూ వేషధారే, లోపల ఒకటి బయట ఒకటిగా బ్రతికేవాడూ వేషధారే. రువో చిత్రాలలో ఈ ఇద్దరూ ఎదురెదురుగా నిలుస్తారు. రంగు పూసుకున్న విదూషకుడి ముఖంలో నిజం దాగదు. నల్లని అంగీ తొడుక్కున్న న్యాయమూర్తి ముఖంలోనే అది దాగి ఉంటుంది.

న్యాయమూర్తుల చిత్రాలకు నేపథ్యం ఆయన స్వయంగా న్యాయస్థానాలలో కూర్చుని చూసిన విచారణలు. ప్రాసిక్యూటరుగా పనిచేసే ఒక స్నేహితుని ద్వారా 1907 ప్రాంతంలో ఆయనకు ఆ అవకాశం కలిగింది. న్యూయార్క్ ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఉన్న ‘ముగ్గురు న్యాయమూర్తులు’ (1913) ఈ వరుసలోని ప్రసిద్ధ చిత్రం. ఇవి న్యాయవ్యవస్థ మీద వ్యంగ్య చిత్రాలని చాలామంది అనుకున్నారు. రువో చెప్పిన కారణం వేరు. ఒక మనిషి మరొక మనిషికి తీర్పు తీర్చడం చూసినప్పుడు తనకు కలిగిన కలవరం వలననే న్యాయమూర్తి తల, ముద్దాయి తల ఒకేలా వచ్చాయని ఆయన వివరించాడు. మత్తయి 7:1 మీద ఇంతకన్నా గంభీరమైన వ్యాఖ్యానం చిత్రకళలో దొరకడం కష్టం.

వేశ్యల చిత్రాల విషయంలో మాత్రం విమర్శకు అవకాశం ఉంది. 1906 నాటి ‘అద్దం ముందు స్త్రీ’ వంటి చిత్రాలలో దేహం బరువుగా, వికృతంగా కనిపిస్తుంది. ఆ స్త్రీల పేరు గాని, కథ గాని మనకు తెలియదు. సమాజపు పాపానికి గుర్తుగా స్త్రీ దేహాన్నే ఎందుకు వాడాలి అన్న ప్రశ్న నేటి పాఠకులకు కలుగుతుంది, అది న్యాయమైన ప్రశ్నే. అయితే రెండు సంగతులు గమనించాలి. ఒకటి, అక్కడ చూపేవారికి సుఖం కలిగించే నగ్నత్వం లేదు. రెండు, కాలం గడిచేకొద్దీ ఆయన కుంచెలోని ఆగ్రహం తగ్గి కనికరం పెరిగింది. తొలినాటి చిత్రాలు ప్రవక్తల గద్దింపును గుర్తుచేస్తే, తరువాతివి విలాపవాక్యములను గుర్తుచేస్తాయి.

4. ఇద్దరు మిత్రులు, రెండు తీర్పులు

1904 నుండి రువోకు లియోన్ బ్లాయ్ అనే కథోలిక రచయితతో స్నేహం కలిగింది. బ్లాయ్ దారిద్ర్యాన్ని అనుభవించినవాడు, ధనికుల భక్తిని నిర్దాక్షిణ్యంగా ఎండగట్టినవాడు. ఆయన నవలలోని పాత్రలను ఆధారం చేసుకుని రువో 1905లో ‘పూలో దంపతులు’ అనే చిత్రం వేశాడు. బ్లాయ్‌కు అది ఆగ్రహం తెప్పించింది. 1907లో రాసిన ఉత్తరంలో రువోకు వికారమైనవే ప్రీతి అని నిందించాడు. ప్రార్థించేవాడు ఇలాంటి బొమ్మలు వేయలేడన్నది బ్లాయ్ ఉద్దేశం. రువో బదులు చెప్పలేదు, స్నేహం మానలేదు, తన పద్ధతినీ మార్చుకోలేదు. 1917లో బ్లాయ్ మరణించేవరకు ఆ ఇంటికి వెళుతూనే ఉన్నాడు.

రెండవ మిత్రుడు తత్వవేత్త జాక్ మారితేన్. ఆయన, ఆయన భార్య రైసా 1906లో బాప్తిస్మం పొందినప్పుడు బ్లాయ్ వారికి జ్ఞానతండ్రిగా నిలిచాడు. 1910లో ద్రుయే గ్యాలరీలో రువో తొలి వ్యక్తిగత ప్రదర్శన జరిగినప్పుడు దాని పట్టికకు మారితేన్ మారుపేరుతో ముందుమాట రాశాడు. తరువాత ఇరువురూ వెర్సాయ్ పట్టణంలో ఇరుగుపొరుగున నివసించారు. 1920లో వెలువడిన ‘కళ, స్కొలాస్టిక్ తత్వం’ అనే గ్రంథంలో మారితేన్ క్రైస్తవ కళను గూర్చి చేసిన వాదన ఈ సందర్భంలో ముఖ్యమైనది. కళాకారుడు భక్తిని బొమ్మకు పైపూతగా పూయనవసరం లేదు. అతడు నిజమైన విశ్వాసి అయి, తన పనిని నిజాయితీగా చేస్తే, విశ్వాసం ఆ పనిలో దానంతట అదే ఉంటుంది.

ఒకే విశ్వాసం గల ఇద్దరు మిత్రులు ఒకే చిత్రాలను చూసి రెండు భిన్నమైన తీర్పులు ఇచ్చారు. బ్లాయ్ అందాన్ని పరిశుద్ధతకు గుర్తుగా ఎంచాడు. మారితేన్ సత్యాన్ని గుర్తుగా ఎంచాడు. ఈ వివాదం నేటికీ ముగియలేదు.

5. ‘మిజెరేరే’: రాగిరేకు మీద పదిహేనేళ్ళ శ్రమ

1912లో రువో తండ్రి మరణించాడు. ఆ దుఃఖంలో ఆయన నల్లసిరాతో కొన్ని బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు. రెండేళ్ళకు మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. సొంత ఇంటి మరణం, లక్షలాది ఇళ్ళ మరణం కలిసి ఒకే వరుస చిత్రాలుగా రూపొందాయి. చిత్రాల వ్యాపారి అంబ్రుయాజ్ వొలార్ 1913లో రువో చిత్రశాలలోని బొమ్మలన్నిటినీ కొనివేసి, 1917లో ఆయన పని మొత్తం మీద హక్కు పొందాడు. ఈ బొమ్మలను పుస్తకంగా తేవాలన్న సంకల్పం వారిద్దరిదీ. ‘మిజెరేరే’, ‘యుద్ధం’ అని రెండు సంపుటాలు, ఒక్కొక్క దానిలో 50 చొప్పున నూరు చిత్రాలు, వాటికి అంద్రే స్వారెస్ రాయవలసిన వచనం – ఇదీ మొదటి ప్రణాళిక. ఆ వచనం రాలేదు. చివరికి 58 చిత్రాలు పూర్తయ్యాయి: మొదటి భాగంలో 33, రెండవ భాగంలో 25.

ఇవి తయారైన పద్ధతి తెలుసుకోదగినది. సిరాబొమ్మలను రువో ముందుగా రంగుచిత్రాలుగా మార్చాడు. వాటి ఛాయను హెలియోగ్రావ్యూర్ అనే ఫోటో పద్ధతి ద్వారా రాగిరేకుల మీదికి ఎక్కించారు. సామాన్యంగా అక్కడితో పని ముగుస్తుంది. రువోకు మాత్రం పని అక్కడ మొదలైంది. యంత్రం ఇచ్చిన ఛాయ ఆయనకు తృప్తి కలిగించలేదు. ఆమ్లం పోసి రేకును కొరికించాడు, ఆకురాయితో రాశాడు, మొనదేలిన పనిముట్లతో గీశాడు, గీకాడు, మెరుగుపెట్టాడు. ఒక్కొక్క రేకుకు 12 నుండి 15 సార్లు నమూనా అచ్చు తీసి, తృప్తి కలగక మళ్ళీ దిద్దినట్టు ఆయనే సంపుటి ముందుమాటలో తెలిపాడు. 1922 నుండి 1927 వరకు ఈ పని సాగింది. ముద్రణ 1927లో ముగిసింది. ఒక్కొక్క ప్రతి కాగితం సుమారు 65 సెంటీమీటర్ల ఎత్తు, 50 సెంటీమీటర్ల వెడల్పు గలది. మొత్తం 450 ప్రతులు తీసి, మళ్ళీ ముద్రించే వీలు లేకుండా రేకులను రద్దుచేశారు.

రాగిరేకు ముద్రణలో ఒక విశేషం ఉంది. నునుపైన రేకు మీద సిరా నిలవదు, తుడిస్తే పోతుంది. గాయమైన చోటనే సిరా నిలుస్తుంది. గాయం ఎంత లోతైతే అచ్చు అంత నల్లగా వస్తుంది. హెబ్రీ పత్రిక 1:3లో కుమారుని గూర్చి వాడిన గ్రీకు పదం ‘ఖరక్తేర్’. చెక్కిన ముద్ర నుండి పడే అచ్చు అని దాని మూలార్థం. మన బైబిలులో అది ‘మూర్తిమంతము’ అయింది. ‘అచ్చు తండ్రి పోలికే’ అని మనం వాడుకలో అనే మాట ఆ గ్రీకు పదానికి ఆశ్చర్యకరంగా దగ్గరగా ఉంది. రువో ఈ వచనాన్ని దృష్టిలో పెట్టుకుని పనిచేశాడని మనం చెప్పడం లేదు. కాని గాయపడిన రేకు నుండి దైవస్వరూపపు ముఖాన్ని అచ్చుతీయడం అనే పనికి, ఆ వచనం తెలిసిన పాఠకుడు ఉదాసీనుడుగా ఉండలేడు.

6. ‘మిజెరేరే’ చిత్రాలలోని దైవశాస్త్రం

సంపుటి పేరు 51వ కీర్తన లాటిన్ అనువాదంలోని మొదటి మాట. కరుణించుమని దాని అర్థం. లాటిన్ బైబిలు లెక్కలో అది 50వ కీర్తన. మొదటి చిత్రానికి ఆ కీర్తన ఆరంభమే పేరు. అంటే యుద్ధాన్ని, దారిద్ర్యాన్ని, అన్యాయాన్ని చూపబోతున్న పుస్తకం నిందతో ఆరంభం కాలేదు, పాపపు ఒప్పుకోలుతో ఆరంభమైంది. దావీదు కీర్తనలో పాపి ‘వాడు’ కాదు, ‘నేను’. రువో తన ప్రేక్షకుణ్ణి ఆ ‘నేను’ స్థానంలో నిలబెట్టిన తరువాతనే ఇతరుల ముఖాలు చూపిస్తాడు.

ఏడవ, ఎనిమిదవ చిత్రాలు పక్కపక్కన చూడదగినవి. ఏడవ దాని పేరుకు తాత్పర్యం, మనల్ని మనం రాజులమనుకోవడం. ఎనిమిదవ దానిలో విదూషకుని ముఖం పుట నిండా కనిపిస్తుంది. ముఖానికి రంగు పూసుకోనివారెవరు అన్నది దాని పేరు. పెద్ద కళ్ళు, కిందికి వాలిన పెదవులు, చుట్టూ నల్లదనం. ఆ ముఖానికీ, సంపుటి చివర వచ్చే క్రీస్తు ముఖానికీ పోలిక ఉండడం యాదృచ్ఛికం కాదు. పదహారవ చిత్రంలో ఉన్నత కుటుంబపు స్త్రీ ఒకతె పరలోకంలో తనకు స్థలం ముందే కేటాయించబడిందన్న ధీమాతో తల ఎత్తుకుని ఉంటుంది. విదూషకునిలో క్రీస్తు పోలిక ఉంది, భక్తురాలిలో లేదు. లూకా 18వ అధ్యాయంలోని సుంకరి, పరిసయ్యుల ఉపమానం ఇక్కడ పారిస్ నగర వేషంలో దర్శనమిస్తుంది.

రెండవ భాగం యుద్ధానికి సంబంధించినది. 37వ చిత్రం పేరు పాత లాటిన్ సామెత: మనిషికి మనిషే తోడేలు. 42వ చిత్రానికి రోమన్ కవి హొరేస్ నుండి తీసుకున్న మాట పేరైంది. తల్లులకు యుద్ధాలు అసహ్యమైనవని దాని భావం. ఈ చిత్రాలలో విజయం లేదు, వీరగాథ లేదు. ఫ్రాన్సు గెలిచిన దేశం. అయినా ఆ దేశపు చిత్రకారుడు గెలుపును ఒక్క పుటలోనైనా పొగడలేదు.

మన దేశపు పాఠకులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించేది 46వ చిత్రం. నీతిమంతుడు తన్ను నరికే గొడ్డలికి కూడా గంధపు చెట్టువలె పరిమళాన్ని అంటిస్తాడన్నది దాని పేరు సారాంశం. గంధపు చెట్టు ఫ్రాన్సు దేశపు చెట్టు కాదు. సజ్జనుడు తనకు కీడు చేసినవానిని కూడా ద్వేషించడని, గంధపు చెట్టు గొడ్డలి ముఖాన్ని సైతం సుగంధితం చేస్తుందని చెప్పే సుభాషితం సంస్కృతంలో ప్రసిద్ధమైనది. మన బడి పిల్లలకు పరిచితమైన ఆ ఉపమానం, బైబిలు మాటలు, లాటిన్ సామెతలు, తన సొంత వాక్యాల మధ్య రువో సంపుటిలో స్థానం పొందింది. క్రీస్తు శ్రమను వివరించడానికి భారతీయ ఉపమానాన్ని వాడవచ్చునా అని మనం ఇక్కడ సంకోచిస్తుండగా, దానిని ఆయన ఏ సంకోచమూ లేకుండా సిలువకు దారిలో నిలిపాడు. సందర్భానుసార దైవశాస్త్రం బోధించేవారు ఈ పుటను తప్పక గమనించాలి.

సంపుటి నిర్మాణంలో మరొక విషయం ఉంది. మొదటి భాగంలో చివరిదైన 33వ చిత్రం వెరోనికా వస్త్రం. రెండవ భాగంలో చివరిదైన 58వ చిత్రం కూడా అదే. సిలువ మోస్తున్న ప్రభువు ముఖాన్ని ఒక స్త్రీ వస్త్రంతో తుడిచినప్పుడు ఆ ముఖం దాని మీద అచ్చుపడిందని సంఘ సంప్రదాయ కథనం. ఇది బైబిలులో లేదు, కనుక సిద్ధాంతానికి ఆధారం కాజాలదు. రువో దానిని ఉపయోగించిన తీరు మాత్రం లేఖనానికి లోబడినదే. 57వ చిత్రానికి ఫిలిప్పీ 2:8 నుండి, 58వ దానికి యెషయా 53:5 నుండి పేర్లు తీసుకున్నాడు. సంపుటిలో పునరుత్థాన ప్రభాతం ప్రత్యేకమైన ముగింపుగా కనిపించదు. స్వస్థత ఆ గాయపడిన ముఖంలోనే ఉందని చెప్పి ఆయన ఆగిపోతాడు. ఇది శ్రమ దినాల దైవశాస్త్రం. ఈస్టరుకు తగిన చోటు ఇవ్వలేదని దీనిని కొందరు లోపంగా ఎంచవచ్చు. అయితే రెండు యుద్ధాల మధ్య ఆ తరం నిలబడి ఉన్న చోటు శనివారమే అన్నది మరువరాదు.

7. 1948: ఒక ముద్రణ, ఒక మంట

ముద్రణ 1927లో ముగిసినా పుస్తకం బయటికి రాలేదు. వొలార్ తన పద్ధతి ప్రకారం ఆలస్యం చేస్తూ పోయాడు. 1939లో ఆయన ప్రమాదంలో మరణించాడు. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చి పోయింది. 21 ఏళ్ళ తరువాత 1948లో ‘మిజెరేరే’ పారిస్‌లో వెలువడింది. మొదటి యుద్ధపు దుఃఖంతో గీసిన చిత్రాలను రెండవ యుద్ధపు దుఃఖంలో ఉన్నవారు మొదటిసారి చూశారు. రువో దానిని తన గురువు మోరోకు, తన తల్లికి అంకితం చేశాడు.

అదే సంవత్సరం మరొక సంఘటన జరిగింది. వొలార్ చనిపోయిన తరువాత అసంపూర్తి చిత్రాలు వందల కొద్దీ ఆయన వారసుల చేతికి పోయాయి. అవి తన సమ్మతి లేకుండా అమ్మకానికి పోతాయని రువో న్యాయస్థానానికి వెళ్ళాడు. కళాకారుడు పూర్తి చేసి అప్పగించేవరకు చిత్రం అతనిదేనన్న వాదనను 1947లో న్యాయస్థానం అంగీకరించింది. సుమారు ఏడువందల చిత్రాలు తిరిగి వచ్చాయి. 1948 నవంబరు 5న న్యాయశాఖ అధికారి సమక్షంలో, 77 ఏళ్ళ వయసులో, రువో వాటిలో 315 చిత్రాలను కొలిమిలో వేసి కాల్చివేశాడు. అవి సంతలో గొప్ప ధర పలికేవే. తన జీవితకాలంలో వాటిని తృప్తికరంగా పూర్తి చేయలేనని తోచి ఆ పని చేశాడు.

న్యాయమూర్తులను అంత కఠినంగా చిత్రించిన మనిషికి చివరికి న్యాయస్థానమే న్యాయం చేయడం చరిత్రలోని ఒక విచిత్రం. అంతకన్నా ముఖ్యమైనది ఆ మంట. 1 కొరింథీయులకు 3వ అధ్యాయంలో ప్రతివాని పని అగ్నిచేత పరీక్షించబడుతుందని పౌలు బోధిస్తాడు. ఆ పరీక్షను తన చేతితోనే ముందుగా జరుపుకున్న పనివాడు రువో. అందరూ ఈ చర్యను మెచ్చుకోనవసరం లేదు. నష్టపోయిన వాటిలో మంచివి ఉండి ఉంటాయని బాధపడేవారున్నారు. కాని ధర కోసం పనిని వదలని మనస్సాక్షి ఎలాంటిదో ఆ రోజు లోకం చూసింది.

8. సంఘం ఆలస్యంగా తెరిచిన తలుపు

రువో తన జీవితమంతా విశ్వాసి. ఆయన వేసిన క్రీస్తు ముఖాలకు లెక్క లేదు. అయినా దేవాలయాలు ఆయనను చాలాకాలం పిలవలేదు. రంగుటద్దాల పని నేర్చిన మనిషికి ఒక దేవాలయంలో తన కిటికీలు అమర్చే అవకాశం డెబ్బై ఏళ్ళు దాటాక కలిగింది. ఆల్ప్స్ పర్వతాల్లోని అసీ గ్రామంలో, క్షయరోగుల ఆసుపత్రుల మధ్య కట్టిన దేవాలయం అది. దొమినికన్ సన్యాసి కుతూరియే ప్రోత్సాహంతో ఆధునిక కళాకారులెందరో దానిలో పనిచేశారు. 1950లో అది ప్రతిష్ఠించబడింది.

ఆ దేవాలయంలోనే జెర్మేన్ రిషియే అనే శిల్పి చేసిన సిలువ మీది క్రీస్తు రూపం మరొక వివాదానికి కారణమైంది. ముఖం స్పష్టంగా లేని, చెట్టు కొమ్మలా ఎండిపోయిన ఆ రూపాన్ని చూసి బయటివారు కొందరు దేవదూషణ అన్నారు. 1951లో బిషపు ఆజ్ఞతో దానిని తొలగించారు. చాలా ఏళ్ళ తరువాత అది తిరిగి బలిపీఠం వద్దకు చేరింది. యెషయా 53వ అధ్యాయాన్ని ప్రతి శుభ శుక్రవారం చదివే సంఘం, దానిని కళ్ళెదుట చూసినప్పుడు గుర్తుపట్టలేకపోయింది.

1958 ఫిబ్రవరి 13న రువో మరణించినప్పుడు ఫ్రెంచి ప్రభుత్వం అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించింది. 1963లో ఆయన కుటుంబం చిత్రశాలలో మిగిలిన అసంపూర్తి చిత్రాలను దేశానికి బహూకరించింది.

9. తెలుగు సంఘానికి ఈ చరిత్ర ఏమి చెబుతుంది?

రువో ప్రభావం మన దేశానికి చేరకపోలేదు. గోవా కథోలిక కుటుంబంలో జన్మించి, 1947లో బొంబాయిలో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు స్థాపకులలో ఒకడైన ఎఫ్. ఎన్. సూజా చిత్రాలలో ఆ నల్లని గీతలు, ఆ వేదనామయ క్రీస్తు ముఖాలు కనిపిస్తాయి. లండన్ టేట్ ప్రదర్శనశాలలో ఉన్న ఆయన ‘క్రూసిఫిక్షన్’ (1959) దీనికి సాక్ష్యం. సూజా కుంచెలో కోపం ఎక్కువ, రువోలో కనికరం ఎక్కువ.

మన ఇళ్ళలోని పరిస్థితి వేరు. క్రైస్తవ గృహాలలో గోడ మీద కనిపించేది చాలావరకు క్యాలెండరు క్రీస్తు. తేనె రంగు జుట్టు, నునుపైన చెంపలు, పైకి ఎత్తిన కళ్ళు. ఈ రూపాలలో ప్రపంచమంతటా వ్యాపించినది 1940లో అమెరికా చిత్రకారుడు వార్నర్ సాల్‌మన్ వేసిన క్రీస్తు శిరస్సు. అది కోట్లాది ప్రతులుగా అచ్చయింది. ఎందరికో ఆ బొమ్మ ప్రార్థనలో ఆదరణ కలిగించింది, దానిని చులకన చేయనవసరం లేదు. కాని ఒక ప్రశ్న వేసుకోవాలి. అప్పుల బాధతో ఉన్న రైతు, కులం పేరుతో అవమానం పొందినవాడు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ గోడ వైపు చూసినప్పుడు, తమ బాధ ఎరిగిన ముఖం వారికి అక్కడ కనిపిస్తున్నదా? సాల్‌మన్ క్రీస్తుకూ రువో క్రీస్తుకూ ఉన్న తేడా అందానికి సంబంధించినది మాత్రమే కాదు. అది శరీరధారణ సిద్ధాంతానికి సంబంధించినది.

చిత్రాల వాడుకను గూర్చి ప్రొటెస్టంటు సంఘాలలో ఉన్న జాగ్రత్త రెండవ ఆజ్ఞ నుండి వచ్చినది, దానిని గౌరవించాలి. అయితే గోడ మీద ఏ బొమ్మా లేని సంఘంలో కూడా విశ్వాసుల మనస్సులో క్రీస్తు ముఖం ఒకటి ఉంటుంది. ప్రసంగాలు, పాటలు, సినిమాలు దానిని గీస్తూనే ఉంటాయి. ప్రసంగ వేదిక నుండి మనం గీసే ముఖం విజయాలు పంచిపెట్టే ముఖమా, గాయాలు మోసే ముఖమా అన్న ప్రశ్న బొమ్మలను నిరాకరించే సంఘానికి కూడా వర్తిస్తుంది.

10. ముగింపు

రువో జీవితచరిత్ర నుండి మూడు అంశాలు తేలుతున్నాయి. ఆయన వేసిన ముఖచిత్రాలు ఇతరులకు తీర్పు తీర్చడానికి పుట్టలేదు, తనను ఆ ముఖాలలో గుర్తించడం వలన పుట్టాయి. ఆయన అచ్చుచిత్రాలు 51వ కీర్తనతో ఆరంభమై యెషయా 53తో ముగిసే ఒక సుదీర్ఘ ప్రార్థన. ఆయనను సంఘం ఆలస్యంగా గుర్తించడం, శ్రమపడే క్రీస్తును ఒప్పుకోలులో అంగీకరించి కంటి ఎదుట తిరస్కరించే మన పాత అలవాటుకు ఒక ఉదాహరణ.

వేదాంత కళాశాలలలో శ్రమ దినాల ధ్యానాలను సిద్ధపరిచే విద్యార్థులు లేఖనంతోపాటు ‘మిజెరేరే’లోని కొన్ని చిత్రాలను కూడా ఎదుట ఉంచుకుని ధ్యానించడం ప్రయోజనకరం. ఎనిమిదవ చిత్రంలోని విదూషకుని ముందు కొంతసేపు మౌనంగా కూర్చున్న ప్రసంగీకుడు, ఆదివారం తన అంగీ తొడుక్కునేటప్పుడు ఆ చిత్రం వేసిన ప్రశ్నను మరచిపోలేడు.